వయసు మచ్చలు, మంగు, మొటిమల నలుపు: తగ్గించుకునే పద్ధతి, మొదటి రోజు నుంచి ఆరో నెల దాకా

నల్ల మచ్చలకు ఏ క్రీమ్ మంచిదని అడిగేవాళ్లు చాలాసార్లు అప్పటికే మూడు నాలుగు రకాలు రాసి చూసి ఉంటారు. క్రీమ్ చెడ్డదై పని చేయకపోవడం తక్కువ. మచ్చ ఒకటైతే మందు ఇంకొకటి కావడం, లేదా మందు సరైనదే అయినా తొందరపడి చర్మాన్ని మండించుకోవడం ఎక్కువ.

ఒక్క సంగతి ముందే తెలియాలి. మెలనిన్ అనే రంగును చర్మం తన రక్షణ కోసం తయారు చేసుకుంటుంది. ఎండ తగిలినా, గోకినా, రాపిడి జరిగినా, మంట పుట్టినా ఆ తయారీ పెరుగుతుంది. కాబట్టి మచ్చను పోగొట్టాలని చర్మాన్ని ఎంత బాధపెడితే మచ్చ అంత ముదురుతుంది. చామనఛాయ, నల్లని చర్మాల్లో ఈ గుణం మరీ ఎక్కువ. కింది వరుస మెల్లగా సాగడానికి కారణం అదే.

## 1. అది ఏ మచ్చో తేల్చుకోండి

మేకప్ కడిగేసి, పగటి వెలుతురులో కిటికీ పక్కన అద్దం పట్టుకుని కూర్చోండి. మచ్చ ఎక్కడుంది, దాని అంచు ఎలా ఉంది, వేలితో తడిమితే ఎత్తుగా తగులుతోందా అన్నవి చూడండి.

వయసు మచ్చ. ముఖం, అరచేతుల వెనక వైపు, ముంజేతులు, భుజాలు ఇలా ఏళ్ల తరబడి ఎండ పడిన చోట వస్తుంది. చదునుగా, గోధుమ రంగులో, అంచు గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు పైదాకా ఉండొచ్చు. పేరులో వయసు ఉన్నా అసలు కారణం పోగుపడిన ఎండ. చిన్నప్పటి నుంచి ఉండే సన్న చుక్కలు ఎండ తగ్గిన నెలల్లో వెలిసిపోతాయి, ఇది వెలిసిపోదు.

మంగు. రెండు బుగ్గలు, నుదురు, ముక్కు, పై పెదవి పైభాగం మీద దాదాపు రెండు వైపులా ఒకేలా పరుచుకుంటుంది. అంచు వంకరటింకరగా మ్యాప్‌లా ఉంటుంది. గర్భం సమయంలోనో గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడో మొదలవడం మామూలు. మగవాళ్లకూ వస్తుంది. ఎండే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు, వేడి కూడా దీన్ని రెచ్చగొడతాయి. తగ్గించవచ్చు గానీ, తిరిగి వచ్చే గుణం దానికి పుట్టుకతోనే ఉంది.

గాయం మిగిల్చిన నలుపు. మొటిమ, కాలిన చోటు, గోకిన దద్దురు, వ్యాక్సింగ్ వాత, ఎక్కడ మంట పుట్టిందో సరిగ్గా అక్కడే ఉంటుంది. దీనికి మందు కన్నా కొత్త గాయం కాకుండా ఆపడమే ముఖ్యం. పైపొరలో ఉంటే కొన్ని నెలల్లో తనంతట తానే వెలిసిపోతుంది.

మచ్చల్లా కనిపించినా ఈ మార్గదర్శి పరిధిలోకి రానివి కొన్ని ఉన్నాయి. మెడ చుట్టూ, చంకల్లో చర్మం మందంగా, మఖమల్ గుడ్డలా నల్లబడితే అది చాలావరకు ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు. బరువు, షుగర్ పరీక్షల వైపు చూడాలి, రుద్దితే పోదు. మైనపు ముద్ద అంటించినట్టు ఉబ్బెత్తుగా ఉన్నవి సెబోరిక్ కెరటోసిస్‌లు, అంటే హాని లేని చర్మపు పెరుగుదలలు. వాటిని తెల్లబరిచే క్రీములు కదిలించలేవు. ఛాతీ, వీపు మీద సన్నటి పొట్టుతో పాలిపోయినట్టో గోధుమగానో ఉన్నవి శోభి కావచ్చు, దానికి ఫంగస్ మందు కావాలి.

రంగు కూడా కొంత చెబుతుంది. మచ్చ గోధుమగా ఉంటే రంగు పైపొరలో ఉన్నట్టు, క్రీములకు అందుతుంది. బూడిద రంగో, నీలి ఛాయో ఉంటే లోపొరలో ఉన్నట్టు, చాలా నిదానంగా కదులుతుంది. రెండూ కలిసి ఉండటం మామూలే. చర్మ వైద్యులు వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపంతోనో, డెర్మోస్కోప్ అనే చర్మపు భూతద్దంతోనో చూసి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలరు.

## 2. ఈ గుర్తులుంటే ఏ క్రీమూ రాయకుండా వైద్యులకు చూపించండి

తెల్లబరిచే మందు ప్రమాదకరమైన మచ్చను, అంటే చర్మ క్యాన్సర్ కాగలదాన్ని, పైపైన వెలిసిపోయేలా చేసి గుర్తుపట్టడం కష్టం చేస్తుంది. లేజర్‌దీ అదే కథ. కింద వాటిలో ఒక్కటి ఉన్నా ఆగండి.

☐ మచ్చలో ఒక సగం ఇంకో సగంలా లేదు
☐ అంచు చెదిరినట్టు, గండ్లు పడినట్టు ఉంది
☐ ఒకే మచ్చలో గోధుమ, నలుపు, ఎరుపు, నీలం వంటి రంగులు కలిసి ఉన్నాయి
☐ 6 మిల్లీమీటర్లు దాటింది, ఇంకా పెరుగుతోంది
☐ వారాల్లో, నెలల్లో రూపం మారుతోంది
☐ రక్తం వస్తోంది, పుండు పడి మానడం లేదు
☐ అరచేతి, అరికాలి చర్మం మీద కొత్తగా వచ్చింది, లేదా గోరు కింద నల్లని గీత పుట్టి వెడల్పవుతోంది
☐ మిగతా మచ్చలన్నీ ఒకలా ఉంటే ఇదొక్కటే వేరుగా ఉంది

పెద్ద వయసు మచ్చ 6 మిల్లీమీటర్లు దాటి ఉండటం వింత కాదు. సైజు ఒక్కటే చూసి హడలిపోనక్కర్లేదు. మారుతోందా అన్నదే అన్నిటికన్నా బరువైన ప్రశ్న.

ఇంకో సందర్భం: ఒంటి రంగంతా ముదురుతూ, నోటి లోపల, అరచేతి గీతల్లో కూడా నల్లబడుతూ, నీరసం, బరువు తగ్గడం ఉంటే అడ్రినల్ గ్రంథి లోపాన్ని అనుమానించాలి. అది చర్మం బయటి సమస్య కాదు.

## 3. కారణం నడుస్తుంటే దాన్ని ముందు ఆపండి

కుళాయి తిప్పేసి ఉంచి నేల తుడిస్తే తడి ఆరదు. మందు మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

- మొటిమలు ఇంకా వస్తున్నాయా? అయితే మొదటి మందు మొటిమలకే. అడాపలిన్, అజెలాయిక్ యాసిడ్ అనే పైపూత మందులు మొటిమలకూ నలుపుకూ రెంటికీ పని చేస్తాయి.
- రుద్దుతున్నారా? నైలాన్ పీచు, గరుకు స్క్రబ్, గట్టి తువ్వాలు. వీపు పైభాగం, ముంజేతులు, చెంప ఎముకల మీద అలల్లాంటి నలుపు ఉంటే ముందు వీటినే అనుమానించండి. మానేశాక నెలలు పడుతుంది, కానీ మానకుండా ఏ మందూ పని చేయదు.
- కొత్త హెయిర్ డై, పర్‌ఫ్యూమ్, సువాసన నూనె? నుదురు, చెవుల ముందు, మెడ పక్కల బూడిద రంగు నలుపు వస్తే అలర్జీ కావచ్చు. దురద లేకుండా కూడా వస్తుంది, అందుకే చాలామంది పోల్చుకోలేరు.
- మందుల జాబితా రాయండి. మినోసైక్లిన్, అమియోడరోన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, కొన్ని క్యాన్సర్ మందులు రంగు మార్చగలవు. మంగు ఉన్నవాళ్లు గర్భనిరోధక మాత్రల సంగతి వైద్యులతో మాట్లాడాలి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపొద్దు.
- పై పెదవి మీద నలుపు? వ్యాక్సింగ్, థ్రెడింగ్, బ్లీచ్ ఎన్నాళ్లకోసారి చేయిస్తున్నారో లెక్క చూసుకోండి.

## 4. మొదటి రెండు వారాలు: మందు వద్దు

చదివి దాటేసే అధ్యాయం ఇదే. దాటేసినవాళ్లే ఆరు వారాల తర్వాత ముఖం ఎర్రబడిందని వస్తారు.

ఇప్పుడు వాడుతున్న సీరమ్‌లు, స్క్రబ్‌లు, మాస్కులు, నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్ అన్నీ ఆపేయండి. నిమ్మరసం పీహెచ్ (పులుపు కొలత, సంఖ్య తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 2. చర్మపు పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది. అదీగాక నిమ్మజాతి పండ్ల రసం, ముఖ్యంగా తొక్కలోని నూనె, చర్మం మీదుండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి, ఆ చోట కొత్త నలుపు పడుతుంది. వంటసోడా అటు చివర, క్షారం.

ఈ రెండు వారాల్లో మూడే పనులు:

1. ఉదయం, రాత్రి నురగ తక్కువుండే, సువాసన లేని క్లెన్సర్‌తో గోరువెచ్చని నీళ్లలో కడగడం. కడిగాక చర్మం బిగుసుకుపోతుంటే ఆ క్లెన్సర్ మీకు పడదు.
2. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు), గ్లిజరిన్ ఉన్నది చాలు.
3. పగలు సన్‌స్క్రీన్.

మొదటి రోజే ఫొటోలు తీయండి: అదే కిటికీ, అదే గంట, ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి చెరొకటి, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్ లేకుండా. నాలుగు వారాలకోసారి మళ్లీ తీయండి. అద్దంలో రోజూ చూసే కళ్లకు నెమ్మదిగా వచ్చే మార్పు పట్టుబడదు. సగంలో మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మోసపోతారు.

అప్పటికే ముఖం ఎర్రగా, మంటగా ఉంటే రెండు వారాలు కాదు, అది చల్లారే దాకా ఇదే కొనసాగించండి.

## 5. సన్‌స్క్రీన్: సగం చికిత్స ఇదే

మంచి మందు ఎనిమిది వారాల్లో తెచ్చిన తగ్గుదలను, ముఖ్యంగా మంగులో, రెండు మూడు రోజుల గట్టి ఎండ వెనక్కి లాగేయగలదు. డబ్బు ఒకదాని మీదే పెట్టగలిగితే దీని మీద పెట్టండి.

ఏది కొనాలి. ఎస్‌పీఎఫ్ 30 కనీసం, మంగుకు 50. ఎస్‌పీఎఫ్ అనేది ముఖ్యంగా యూవీబీ, అంటే చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాల లెక్క. ఇంకా లోతుకు పోయే యూవీఏ కిరణాల నుంచి రక్షణ ఉన్నట్టు లేబుల్ మీద వేరే గుర్తు ఉండాలి: వలయంలో యూవీఏ అక్షరాలు, పీఏ పక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులు, లేదా బ్రాడ్ స్పెక్ట్రమ్ అన్న మాట.

మంగు ఉంటే రంగు కలిపినదే. కనిపించే వెలుతురును, అందులోనూ నీలి కాంతిని, మామూలు సన్‌స్క్రీన్లు సరిగ్గా ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్లు కలిపిన, చర్మం రంగులో ఉండే రకాలు ఆపుతాయి. పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్స్ ఉన్నాయో చూడండి. గాయం మిగిల్చిన నలుపు ఉన్న ముదురు రంగు చర్మాలకూ ఇదే మేలు.

ఎంత రాయాలి. లేబుల్ మీది సంఖ్య చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన కొలిచింది. ఇంటి లెక్కలో, చూపుడు వేలు, మధ్య వేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలుగా పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. ఒకేసారి అంత పూస్తే జిగురుగా అనిపిస్తే ఒక్కో వేలి కొలత చొప్పున రెండు పూతలు వేయండి. చెవులు, మెడ పక్కలు, అరచేతుల వెనక వైపు మరిచిపోయే చోట్లు. చేతుల మీద వయసు మచ్చలు ఎక్కువగా తేలతాయి కూడా.

ఎప్పుడు. బయటకు వెళ్లడానికి పావుగంట ముందు. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, చెమట పట్టాక, ముఖం తుడుచుకున్నాక మళ్లీ. చేతులు కడిగిన ప్రతిసారీ చేతుల మీది పూత పోతుందని గుర్తుంచుకోండి.

ఇంట్లోనే ఉంటాం కదా అంటారు. మామూలు కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది, యూవీఏను మాత్రం లోపలికి పోనిస్తుంది. కిటికీ పక్కన కూర్చునేవాళ్లకు, గంటల తరబడి కారు నడిపేవాళ్లకు ఇంట్లో ఉన్నా, కారులో ఉన్నా అవసరమే. వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా, నీడ — సన్‌స్క్రీన్ ఎంత రాసినా ఇవి దానికి తోడు ఉండాల్సిందే. పొయ్యి, బాయిలర్, కొలిమి ముందు పని చేసే మంగు రోగులు వేడి సెగ నేరుగా ముఖానికి తగలకుండా దూరం పాటించాలి.

## 6. మందు ఎంచుకోవడం

ఒక మందుతో మొదలుపెట్టండి. మూడు కలిపితే మూడింతలు పని చేస్తాయనుకోవడం మచ్చల చికిత్సలో ఖరీదైన పొరపాటు. ముఖం మండితే ఏది మండించిందో కూడా తెలియదు.

అజెలాయిక్ యాసిడ్, 10 నుంచి 20 శాతం. మంగుకు, మొటిమల నలుపుకు మొదటి ఎంపికగా పెట్టుకోదగ్గది. రంగు తయారీలో కీలకమైన టైరోసినేజ్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, మామూలు చర్మం రంగును పెద్దగా కదపదు. అలవాటయ్యాక రోజుకు రెండుసార్లు. మొదటి రెండు మూడు వారాలు చిమచిమలాడుతుంది. గర్భిణులకు కూడా సాధారణంగా వాడదగ్గదే.

నియాసినమైడ్, 4 నుంచి 5 శాతం. తయారైన రంగు పైకణాల్లోకి చేరకుండా అడ్డుపడుతుంది. బలం తక్కువ, ఓర్పు ఎక్కువ. సున్నిత చర్మానికి బాగుంటుంది. 10 శాతం కొన్నంత మాత్రాన రెట్టింపు ఫలితం రాదు, ఎరుపు మాత్రం రావచ్చు.

విటమిన్ సి, ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ రూపంలో 10 నుంచి 20 శాతం. ఉదయం, సన్‌స్క్రీన్ కింద. గాలి, వెలుతురు తగిలి పాడవుతుంది. లేత పసుపు నుంచి నారింజ, గోధుమ రంగుకు మారితే పారేయండి.

రెటినాయిడ్లు, అంటే విటమిన్ ఎ జాతి మందులు. రెటినాల్ 0.1 నుంచి 0.3 శాతం, అడాపలిన్ 0.1, వైద్యుల చీటీ మీద ట్రెటినాయిన్ 0.025 నుంచి 0.05. పైపొర కణాలు త్వరగా రాలి కొత్తవి రావడానికి తోడ్పడతాయి. వయసు మచ్చల మీద ట్రెటినాయిన్‌కు మంచి ఆధారాలున్నాయి, కానీ చాలా నెలలు పడుతుంది. రాత్రి మాత్రమే. గర్భం ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా వద్దు.

కోజిక్ యాసిడ్. 1 శాతం చాలు. కొందరికి అలర్జీ చేస్తుంది, కాబట్టి ప్యాచ్ టెస్ట్ (ముందు చేతి మీద చిన్న చోట రాసి చూడటం) తప్పనిసరి.

ట్రానెగ్జామిక్ యాసిడ్. పైపూతగా 2 నుంచి 5 శాతం, మంగుకు. దీని మాత్రలు వేరే సంగతి. మంగుకు 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వడం వాడుకలో ఉంది. ఇది రక్తం గడ్డను కరగనివ్వని మందు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర, పక్షవాతం, గుండెజబ్బు, గర్భం, హార్మోన్ మాత్రలు ఉన్నవాళ్లకు ప్రమాదం. స్నేహితులు చెప్పారని మందుల షాపులో కొని మింగేది కాదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు సన్‌స్క్రీన్, అజెలాయిక్, నియాసినమైడ్, విటమిన్ సి దగ్గరే ఆగడం క్షేమం. గర్భంలో వచ్చిన మంగు ప్రసవమయ్యాక కొన్ని నెలల్లో కొందరికి తనే తగ్గుతుంది.

## 7. ప్యాచ్ టెస్ట్, ఆ తర్వాత వారాల వరుస

కొత్త మందును మోచేతి లోపలి మడత దగ్గర నాణెమంత చోట రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. కడిగేసే రకమైతే చెప్పినంతసేపే ఉంచండి. ఒక్కరోజు పరీక్ష చాలదు. అలర్జీ నాలుగైదు రోజులకు బయటపడొచ్చు.

3, 4 వారాలు. మందు వారంలో మూడు రాత్రులు, రోజు విడిచి రోజు. ముఖమంతటికీ బఠాణీ గింజంత. రెటినాయిడ్ అయితే ముఖం కడిగి పూర్తిగా ఆరాక, ముందు పలుచగా మాయిశ్చరైజర్, పైన మందు, మళ్లీ మాయిశ్చరైజర్. కనురెప్పలు, ముక్కు పక్క మడతలు, పెదవి కొసలు వదిలేయండి. మందు ఆ ముడతల్లో చేరి మండేది అక్కడే.

5, 6 వారాలు. పొట్టు, మంట లేకపోతే ప్రతి రాత్రి. ఉంటే అదే లెక్కలో ఇంకో రెండు వారాలు. వెనకబడ్డట్టు అనుకోవద్దు.

7వ వారం నుంచి. కావాలంటే రెండో మందును చేర్చుకోండి, ఉదయం పూట. బాగా కుదిరే జత: ఉదయం అజెలాయిక్ లేదా విటమిన్ సి, రాత్రి రెటినాయిడ్.

12వ వారం. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. చర్మపు పైపొర కింది నుంచి పైదాకా మారడానికి పడుచువాళ్లకు సుమారు 28 రోజులు, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అందుకే రెండు వారాలకే తీర్పు చెప్పడం కుదరదు. మచ్చ పాలిపోతుంటే అలాగే సాగించండి. పన్నెండు వారాలు నియమంగా రాసినా కదలిక లేకపోతే గుర్తింపే తప్పయి ఉండొచ్చు, లేదా రంగు లోతులో ఉండొచ్చు. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లే సమయం అది.

రోజువారీ వరుస గందరగోళమైతే:

☐ ఉదయం: కడగడం, మందు ఉంటే మందు, మాయిశ్చరైజర్, చివరగా సన్‌స్క్రీన్, ఆపైనే మేకప్
☐ రాత్రి: సన్‌స్క్రీన్ పూర్తిగా పోయేలా కడగడం, ఆరనివ్వడం, మందు, మాయిశ్చరైజర్

## 8. హైడ్రోక్వినోన్, మూడు మందుల క్రీమ్

హైడ్రోక్వినోన్ రంగు తగ్గించడంలో ఇప్పటికీ గట్టి మందు. తప్పుగా వాడితే అంతే గట్టిగా దెబ్బతీస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో చర్మానికి రాసే సౌందర్య సాధనాల్లో దీన్ని నిషేధించారు. అమెరికాలో 2020 నుంచి చీటీ లేకుండా అమ్మడానికి వీల్లేదు.

వైద్యులు రాసిస్తే మామూలుగా 4 శాతం, రాత్రి ఒకసారి. వయసు మచ్చలకైతే ఇయర్‌బడ్‌తో మచ్చ మీదే అద్దండి. చుట్టూ పూస్తే మచ్చ చుట్టూ తెల్లని వలయం ఏర్పడొచ్చు. మంగుకు నలుపున్న ప్రాంతమంతా పలుచగా. మూడు నుంచి నాలుగు నెలలు దాటకుండా ఆపి, విరామం ఇవ్వాలి. ఏళ్ల తరబడి రాస్తే ఓక్రోనోసిస్ రావచ్చు: రాసిన చోటే నీలి బూడిద రంగు చుక్కలతో నల్లబడుతుంది. అప్పుడు నలుపు పెరిగిందని మందు ఇంకా ఎక్కువ రాస్తారు. అలా పడ్డ రంగును వదిలించడం ఎవరికైనా కష్టమే. బెంజాయిల్ పెరాక్సైడ్ మొటిమల మందుతో కలిపి రాయొద్దు. చర్మం మీద గోధుమ మరక పడుతుంది.

హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ మంగుకు బాగా పని చేస్తుంది, సుమారు ఎనిమిది వారాల పాటు, వైద్యుల కంటి ముందు. కష్టం ఎక్కడంటే అది మొదటి వారంలోనే మెరుపు తెస్తుంది. ఆ మెరుపు చూసి చీటీని మళ్లీ మళ్లీ వాడతారు. నెలలు గడిచాక చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు బయటపడి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు, రాయకపోతే ఎరుపు, మంట. ఈ స్థితికి చేరినవాళ్లు ఒక్కసారిగా ఆపితే మంట ఎగదన్నుతుంది. వైద్యుల సలహాతో అంచెలంచెలుగా మానాలి.

లేబుల్‌లో పదార్థాల జాబితా లేని, తయారీదారు చిరునామా లేని "వారంలో తెలుపు" క్రీములను చెత్తబుట్టలో వేయండి. వాటిలో స్టెరాయిడో, పాదరసమో ఉండొచ్చు. కాలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, మెర్క్యూరిక్ అన్న మాటలన్నీ పాదరసానికి మారుపేర్లే. పాదరసం మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది, రాసుకున్నవాళ్లనే కాదు, అదే ఇంట్లో ఉండే పిల్లలను కూడా.

## 9. ఏది వికటిస్తుంది, ఎలా సర్దుకోవాలి

మంట, ఎరుపు, పొట్టు. మందు అయిదు నుంచి ఏడు రోజులు ఆపండి. క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే. చల్లారాక వారానికి రెండు రాత్రులతో మళ్లీ మొదలుపెట్టండి. మంట ఉండగా "అలవాటు పడుతుందిలే" అని సాగిస్తే కొత్త నలుపు మిగులుతుంది.

వాపు, దద్దుర్లు, నీటి పొక్కులు. ఇది మామూలు మంట కాదు, అలర్జీ కావచ్చు. ఆ మందును శాశ్వతంగా మానేసి వైద్యులకు చూపించండి.

మచ్చ ముందుకన్నా ముదురుగా కనిపిస్తోంది. వరుసగా చూడండి: ఎండ తగిలిందా, సన్‌స్క్రీన్ కొలత తగ్గిందా, మందు మండిస్తోందా, పొట్టు కింద మచ్చ కొట్టొచ్చినట్టు తేలిందా. చివరిదైతే మాయిశ్చరైజర్ పెంచితే సర్దుకుంటుంది.

సన్‌స్క్రీన్ రాస్తే మొటిమలు. నూనె లేని జెల్ రకానికి మారండి, రాత్రి బాగా కడగండి. మానేయడం మాత్రం మార్గం కాదు.

మచ్చ గిల్లడం. మొటిమ చెక్కు, లేజర్ తర్వాతి చెక్కు, ఏదైనా సరే. గిల్లకుండా ఉండలేకపోతే మొటిమ మీద హైడ్రోకొలాయిడ్ ప్యాచ్ (తేమ పీల్చే చిన్న అంటుపట్టీ) అంటించేయండి.

## 10. క్లినిక్‌కు ఎప్పుడు, దేనికి

వయసు మచ్చలు క్రీములతో పాలిపోతాయి గానీ పూర్తిగా చెరిగిపోవడం అరుదు. నాలుగైదు మచ్చలే ఉండి, పూర్తిగా పోవాలనుకుంటే నేరుగా క్లినిక్ మార్గం ఎంచుకోవడం నెలల తరబడి రాయడం కన్నా సబబు. మంగుకు ఈ మాట వర్తించదు. లేజర్ వేడి మంగును తాత్కాలికంగా వెలిసిపోయేలా చేసి, తర్వాత ఇంకా నల్లగా తిరిగి తేగలదు. మంగుకు లేజర్‌ను మొదటి చికిత్సగా సూచిస్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

క్రయోథెరపీ. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌ను కొన్ని సెకన్లు తాకిస్తారు. రంగు కణాలు చలికి మిగతా చర్మ కణాల కన్నా ముందే చనిపోతాయి. ఈ చికిత్స పని చేసేది అందువల్లే, ముదురు రంగు చర్మంలో తెల్ల మచ్చ మిగిలేదీ అందువల్లే.

లేజర్, ఐపీఎల్ (లేజర్ కాని తీవ్ర కాంతి మెరుపులు). వయసు మచ్చలకు క్యూ-స్విచ్డ్, పికోసెకండ్ అనే అతి క్లుప్త మెరుపుల లేజర్లు వాడతారు. ఒకటి నుంచి మూడు సిట్టింగులు. మచ్చ ముదిరి చెక్కు కడుతుంది, ముఖం మీద వారం పది రోజుల్లో, చేతుల మీద రెండు వారాలకు రాలుతుంది. ముదురు రంగు చర్మానికి ఐపీఎల్ కాల్చే ప్రమాదం ఎక్కువ.

పీల్స్, అంటే పైపొరను ఊడదీసే యాసిడ్ పూతలు. గ్లైకోలిక్, శాలిసిలిక్, మాండెలిక్ వంటివి, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో. ఇంట్లో వాడే గ్లైకోలిక్ 10 శాతం లోపే ఉండాలి. 30, 50 శాతం సీసాలు కొని ఇంట్లో పూయడం కాలిన గాయాన్ని కొని తెచ్చుకోవడమే.

వెళ్లే ముందు అడగాల్సినవి, చెప్పాల్సినవి:

☐ నా చర్మం రంగు మీద ఈ యంత్రం ఎంతకాలంగా వాడుతున్నారు?
☐ ముందు ఒక చిన్న మచ్చ మీద చేసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చూడవచ్చా?
☐ నల్లబడితే తర్వాత ఏం చేస్తారు?
☐ నోటి చుట్టూ హెర్పిస్ పొక్కులు వచ్చే అలవాటు ఉంటే చెప్పండి. ముందుగా మాత్రలు ఇస్తారు
☐ రెటినాయిడ్ ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి
☐ గత నెలలో ఎండలో కమిలి ఉంటే వాయిదా వేయండి

చేయించుకున్నాక చెక్కు రాలేదాకా పెట్రోలియం జెల్లీ పలుచగా రాయండి. చెక్కు రాలిన చోటు గులాబీ రంగులో ఉంటుంది. ఆ చోటికి కనీసం మూడు నెలలు ఎండ తగలకూడదు.

## 11. తగ్గాక

మందు ఒక్కసారిగా మానేయకండి. రోజూ రాసేది వారానికి మూడు రాత్రులకు, నెల తర్వాత రెండుకు దించండి. హైడ్రోక్వినోన్ వాడి ఉంటే దాని స్థానంలో అజెలాయిక్ పెట్టుకోండి. సన్‌స్క్రీన్‌కు మాత్రం దించే లెక్క లేదు.

మంగు మళ్లీ తొంగిచూస్తే అది మీ తప్పిదమని కాదు, దాని నైజం. పాత చీటీ తీసి గట్టి మందు మొదలుపెట్టకుండా నాలుగో అధ్యాయానికి వెళ్లండి: రెండు వారాలు మూడే పనులు, కొత్త ఫొటోలు, మూడో అధ్యాయంలోని జాబితాలో కొత్తగా ఏం చేరిందో వెతకడం. సన్‌స్క్రీన్ ట్యూబు ఎన్ని రోజుల్లో అయిపోతోందో కూడా చూడండి. ముఖానికి, మెడకు సరైన కొలతలో రోజుకు ఒక్క పూత వేసినా 50 గ్రాముల ట్యూబు నెల, నెలన్నర మించి రాదు. మూడు నెలలు వస్తోందంటే నలుపు ఎందుకు తిరిగొచ్చిందో వేరే వెతకక్కర్లేదు.